పట్టు విడవని వెనక చక్రం

కారు కొనేవాళ్ళని ఒకసారి గమనించండి. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందంటారు, ఏసీ బాగా చల్లబరుస్తుందా అంటారు, డిక్కీలో రెండు బియ్యం మూటలు పడతాయా అంటారు. ఆడవాళ్ళం రంగు ఒక్కటే చూస్తామని మనకో పేరు పెట్టారు గానీ, రంగు గురించి మగవాళ్ళు చేసే చర్చలు నేను చెవులారా విన్నాను. ఇంతా చేసి, 'ఇది ఎలా ఆగుతుంది?' అని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. 'ఆగాక మళ్ళీ వదులుతుందా?' అని అడిగినవాళ్ళు అసలే లేరు. బ్రేకు పడకపోతే ప్రమాదమని చంటిపిల్లాడికి కూడా తెలుసు. పడిన బ్రేకు వదలకపోయినా అంత ప్రమాదమేనని నాకు అరవై దాటాక తెలిసింది.

బ్రేకు అనే మాట ఇంగ్లీషువాళ్ళ దగ్గర పుచ్చుకున్నదే అయినా ఇప్పుడది మన మాటే అయిపోయింది. పెళ్ళి సంబంధానికి బ్రేకు పడుతుంది, ఇల్లు కట్టే పనికి బ్రేకు పడుతుంది, ఆడబడుచు నోటికి బ్రేకు వెయ్యమని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం. మా ఇంట్లో మాత్రం రెండేళ్ళ క్రితం ఒకే రాత్రి ఇద్దరికి బ్రేకు పడింది. ఒకరు మావారు. రెండోది మా కారు.

మాది అనంతపురం. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు నాకంటే నాలుగేళ్ళు ముందే రిటైరయ్యారు. ఆయన జాగ్రత్త గురించి చెప్పాలంటే ఒక పుస్తకం అవుతుంది. గ్యాసు కట్టేశానా అని నేను ఒకసారి చూస్తే ఆయన మూడుసార్లు చూస్తారు. కారు షెడ్డులో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగారంటే కర్ కర్ మని వీధిలోకి వినపడాలి. "చదునైన నేల మీద నిలబెట్టిన కారు ఎక్కడికి పారిపోతుందండీ?" అని నేను నవ్వేదాన్ని. "నీకు తెలీదులే, దాని బుద్ధి దానిది" అనేవారు.

ఆ రోజు సాయంత్రం కూరగాయలు తెచ్చి, కారు షెడ్డులో పెట్టి, ఎప్పటిలాగే బ్రేకు లాగి ఇంట్లోకి వచ్చారు. తెల్లవారుజామున లేవబోతే కుడి కాలు లేవలేదు. కుడి చెయ్యి కదల్లేదు. నన్ను పిలుద్దామంటే మాట రాలేదు. పక్షవాతం. అంబులెన్సు వచ్చింది. ఇక్కడ మూడు రోజులుంచి, తర్వాత బెంగుళూరు తీసుకుపోయాం. అక్కడ అమ్మాయి ఇంట్లో పది నెలలు. ఆ పది నెలలూ ఆయన లాగిన హ్యాండ్ బ్రేకు లాగినట్టే ఉంది. ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

తిరిగి వచ్చాక ఇల్లు దులుపుకున్నాం, దేవుడికి దీపం పెట్టుకున్నాం. వారానికి మూడు రోజులు ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాలి. అది ఊరికి అటు చివర. మొదటి రోజు ఆటో పిలిచాను. ఆటో మెట్టు ఎత్తు. ఆయన కాలు అక్కడిదాకా లేవదు. ఆటో అబ్బాయీ, పక్కింటాయనా చెరో పక్కన పట్టుకుని శెనక్కాయల మూట ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టారు. పాపం, వాళ్ళు మంచితనంతోనే చేశారు. ఆయన మాత్రం దారిపొడుగునా నా వైపు చూడలేదు. రెండోసారి ఆటో అంటే తల అడ్డంగా ఊపారు. మూడోసారి అసలు మంచం దిగలేదు. ఫిజియోథెరపీ మానేస్తే ఆ చెయ్యి ఇక అంతేనని డాక్టరు స్పష్టంగా చెప్పి ఉన్నాడు. మా కారు సీటు సరిగ్గా ఆయన నడుము ఎత్తు. కూర్చుని, ఎడమ చేత్తో కుడి కాలు లోపల పెట్టుకుంటే చాలు, ఎవరూ ఎత్తనక్కర్లేదు. నాకు డ్రైవింగు వచ్చు. నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. కాబట్టి కారు బయటికి తియ్యడం ఒక్కటే మిగిలింది.

కొత్త బ్యాటరీ వేయించాం. ఇంజను ఒక్క దెబ్బకి స్టార్టయింది. బ్యాటరీ కుర్రాడు హ్యాండ్ బ్రేకు దింపి గేరు వేస్తే, కారు ముక్కు ముందుకు లాగింది గానీ వెనక భాగం కూర్చున్నచోటు నుంచి లేవనంది. సంతకి తీసుకుపోతుంటే మొరాయించిన దూడలా! నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఊపగా 'టక్' మని ఎడమ చక్రం వదిలింది. కుడిది తిరుగుతోంది గానీ ఏడుస్తూ తిరుగుతోంది. ఆ కుర్రాడు వీధి చివరిదాకా పోయి వచ్చేసరికి అడుగంటిన పప్పు లాంటి వాసన. కుడి వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ.

చెప్పొద్దూ, నాకు ముందు ఆశ్చర్యం వేసింది. తుప్పు పట్టడమంటే విశాఖపట్నం వాళ్ళూ, మద్రాసు వాళ్ళూ పడాల్సిన బాధ అనుకున్నాను. మా జిల్లాకి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అటు పడమటి కనుమలు నైరుతి మేఘాలని పిండుకుని పంపిస్తాయి, ఇటు ఈశాన్య వానలు మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మాదీ ఒకటని చిన్నప్పటి నుంచీ పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. ఇంత ఎండుగడ్డ మీద ఇనుముకి తుప్పా? కానీ తుప్పుకి చెరువెడు నీళ్ళు అక్కర్లేదట. కొంచెం చెమ్మ చాలట. పైగా మా ఊరి ఎర్రదుమ్ము సంగతి మీకు తెలీదు. ఎండాకాలం గాలికి లేచి కిటికీ సందుల్లోంచి దిండు గలీబుల్లోకి కూడా వచ్చేస్తుంది. ఆ దుమ్ము సందుల్లో చేరి, అక్టోబరులో పడే నాలుగు వానల చెమ్మని పట్టుకుని, పచ్చడి ముద్దలా అక్కడే ఉండిపోతుంది. నడిచే బండికి ఆ ముద్ద రాలిపోతుంది. నిలబడిన బండికి అదే తాళం.

ఇక్కడ బ్రేకు ఎలా పనిచేస్తుందో చెప్పాలి. భయపడకండి, వంటింటి భాషలోనే చెబుతాను.

చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం ఒకటుంటుంది. అది డిస్కు. దాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకునే పట్టకారు లాంటిది కాలిపర్. పట్టకారు దవడలకి లోపల రెండు అరిగే దిమ్మెలుంటాయి, వాటిని ప్యాడ్లంటారు. మనం కాలితో తొక్కగానే సన్నగొట్టాల్లోని బ్రేకు ఆయిలు పోయి, కాలిపర్ లోపల గ్లాసులా అమరి ఉన్న పిస్టన్ని ముందుకు తోస్తుంది. పిస్టన్ ప్యాడుని తోస్తుంది, ప్యాడ్లు పళ్ళేన్ని నొక్కుతాయి, బండి ఆగుతుంది. ఇంతవరకూ నాకూ తెలుసు. మరి కాలు తీశాక పిస్టన్ని వెనక్కి లాగేది ఎవరు? ఏ స్ప్రింగో అనుకుంటాం. స్ప్రింగు కాదు. మన కుక్కరు గాస్కెట్ లాంటి రబ్బరు రింగు ఒకటి పిస్టన్ నడుముకి ఉంటుంది. పిస్టన్ ముందుకి పోయేటప్పుడు అది కొంచెం మెలిపడుతుంది. ఒత్తిడి పోగానే తన ఆకారానికి తను వస్తూ పిస్టన్ని కూడా వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ఆ వెంట్రుకవాసే బ్రేకు వదలడమంటే. రబ్బరు గట్టిపడినా, పిస్టన్ అంచుకి తుప్పు చేరినా ఆ కొంచెం కూడా వెనక్కి రాదు. ప్యాడు పళ్ళేన్ని రాసుకుంటూనే ఉంటుంది.

ఈ పళ్ళెం బ్రేకు కొత్తదేం కాదు. ఇంగ్లండులో లాంచెస్టరనే ఇంజనీరు 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులో జరిగిన లెమాన్స్ 24 గంటల పందెంలో ఈ బ్రేకులున్న జాగ్వార్ కారు నెగ్గాక దీని పేరు మోగింది. మన చిన్నప్పటి అంబాసిడర్లకీ, ఫియట్లకీ ఇవి లేవు, అన్నీ డ్రమ్ము బ్రేకులే. ఇప్పటికీ మన దేశంలో చాలా కార్లకి ముందు డిస్కు, వెనక డ్రమ్ము. కాస్త ఖరీదు పెరిగితే వెనక కూడా డిస్కులు వస్తాయి. ఒకప్పుడు మా జిల్లాలో అంత కారు కనిపిస్తే పిల్లలు వెంటపడేవారు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక, శెనక్కాయ ఎండబెట్టుకునే ఊళ్ళ పక్కనుంచే కొత్త కార్లు వరసలుగా లారీల మీద పోతున్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా ఊరివాళ్ళు ఇంకా "మన ఫ్యాక్టరీ" అనే అంటారు. మా కారు ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. పది నెలలు పలకరించకపోతే ఏ కారైనా అలాగే ముఖం ముడుచుకుంటుంది.

సరే, ఒక గ్యారేజీవాళ్ళని పిలిపించాను. ఆ అబ్బాయి ఫోను లైటు వేసి చక్రం సందులోంచి చూసి, "వెనక కాలిపర్లు రెండూ మార్చాల మేడమ్, 30 వేలు పైన అవుతుంది" అన్నాడు. మందులకీ, ఫిజియోథెరపీకీ పోయాక పెన్షనులో ఎంత మిగులుతుందో నాకు తెలుసు. అమ్మాయికి ఫోను చేస్తే, "అమ్మా, అమ్మెయ్యి. అవసరమైనప్పుడు టాక్సీ పిలుచుకోండి" అంది. తనకి నా మీద ప్రేమ, నేను డ్రైవింగు చేస్తానంటే భయం. స్పీకరు పెట్టి మాట్లాడుతున్నానేమో, ఆ మాట మావారు కూడా విన్నారు. ఏమీ అనలేదు. అనడానికి మాట కూడా సరిగా రాదు కదా. కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు పాలబ్బాయి చెప్పాడు, పాతూరులో ఒక ముసలి మెకానిక్కు ఉన్నాడనీ, అందరూ ఆయన్ని భాయ్ అంటారనీ. కబురు పంపితే, "వదలని బండిని నడిపించుకుని రావొద్దు, నేనే వస్తా" అన్నాడట. ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కలిగింది. బ్రేకు పట్టుకున్న చక్రంతో దూరం పోతే ఆ వేడికి బ్రేకు ఆయిలు మరుగుతుందట. మరిగి ఆవిరైతే, నీళ్ళని తోసినట్టు ఆవిరిని తొయ్యలేం. అది నొక్కుకుపోతుంది. కాలి కింద పెడలు దూదిలా దిగిపోతుంది. అంటే వదలని బ్రేకే చివరికి పడని బ్రేకు అవుతుందన్నమాట! ఈ సంగతి విన్న రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. పక్కసీట్లో తనంతట తాను తలుపు తీసుకోలేని మనిషిని కూర్చోబెట్టుకుని పోవాల్సినదాన్ని.

భాయ్ తనతో ఒక కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు. మావారికి షెడ్డు ఎదురుగా కుర్చీ వేశాను. ముందు చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టారు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దింపారు. చక్రం బోల్టులు నేల మీద ఉండగానే వదులుచేసి, తర్వాత జాకీ ఎత్తి, కారు కింద స్టాండ్లు పెట్టారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద చెయ్యి పెట్టకూడదట. చక్రం తీశాక అక్కడ పేరుకున్న నల్లటి పొడిని కుర్రాడు నోటితో ఊదబోతే భాయ్ కసిరాడు. "అది ఊపిరితిత్తులకి మంచిది కాదురా, తడిబట్టతో తుడుచు." కాలిపర్ విప్పి, దాని బరువు రబ్బరు గొట్టం మీద పడకుండా తీగతో పైకి కట్టాడు. అది జరిగే పిన్నులు కూడా దుమ్ముపట్టి బిగుసుకుని ఉన్నాయి. వాటిని తుడిచి, బ్రేకులకి వేసే గ్రీజు రాశాడు.

ఇక పిస్టన్ని లోపలికి పంపాలి. కుర్రాడు సంచీలోంచి 'సి' ఆకారంలో ఉన్న పెద్ద క్లాంపు తీసి, పిస్టన్ మీద పెట్టి బిగించబోయాడు. భాయ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా, ఒత్తొద్దు. ముందర చక్రం అయితే ఒత్తితే పోతాది. ఇది వెనకది. ఇది ఒత్తేది కాదు, తిప్పేది."

ఎందుకూ అని నేనడిగాను. టీచర్ని కదా, ఊరుకోలేను.

"ముందర బ్రేకుకి ఒక్కరే యజమాని టీచరమ్మా, కాలు. దీనికి ఇద్దరు. కాలు చెప్పినా వినల్ల, చెయ్యి చెప్పినా వినల్ల."

నాకు వెంటనే అర్థమైంది. అత్తగారికీ మొగుడికీ ఇద్దరికీ జవాబు చెప్పుకోవాల్సిన కోడలన్నమాట! కాలు తొక్కితే ఆయిలు వచ్చి తోస్తుంది. చెయ్యి లాగితే తీగ వచ్చి తోస్తుంది. ఆ తీగ మాట కూడా వినడానికి పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది. ప్యాడు అరిగేకొద్దీ పిస్టన్ ఆ మర మీద కొంచెం కొంచెం బయటికి తిరుగుతూ వచ్చి, హ్యాండ్ బ్రేకు ఎప్పుడూ అందేలా చూసుకుంటుంది. మర మీద బయటికి వచ్చినదాన్ని మర మీదే లోపలికి పంపాలి. సీసా మూతని తిప్పకుండా అరచేత్తో బాది బిగించాలంటే ఏమవుతుంది? మూతా పోతుంది, సీసా మూతీ పోతుంది. ఇదీ అంతే. క్లాంపు పెట్టి బిగిస్తే లోపల మర చెడి, అప్పుడు నిజంగానే కొత్త కాలిపర్ కొనాలి.

ఇది విన్నప్పుడు నాకు మా నాన్నగారి ఊళ్ళో కపిల బావి గుర్తొచ్చింది. ఈ తరం పిల్లలు కపిల చూసి ఉండరు. ఎద్దులు వాలు మీదుగా దిగుతూ మోకు లాగితే తోలుసంచి నిండా నీళ్ళు పైకొచ్చి కాలవలో పడేవి. మళ్ళీ సంచి బావిలోకి దిగాలంటే ఎద్దులు ఆ వాలు మీద వెనక్కి నడవాలి. ముందుకు నడవడం ఏ ఎద్దుకైనా వస్తుంది. వెనక్కి నడవడమే నేర్పాలి. మా పాలేరు ముల్లుకర్ర పక్కన పెట్టి, పగ్గం పట్టుకుని, పేరుపెట్టి పిలుస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేయించేవాడు. వెనక్కి నడిచేటప్పుడు ఎద్దుని కొడితే అది బావిలో పడుతుందనేవాడు.

భాయ్ ఇంజను మూత ఎత్తి, బ్రేకు ఆయిలు డబ్బా మూత తీశాడు. పిస్టన్ లోపలికి పోయేకొద్దీ ఆయిలు వెనక్కి తన్నుకుని డబ్బా పొంగుతుంది. అందుకని సిరంజితో కొంచెం తోడేశాడు. ఆయిలు నల్లగా ఉంది. వానాకాలం మూత సరిగా పెట్టని ఉప్పు ఎలా చెమర్చుతుందో, బ్రేకు ఆయిలు కూడా అలాగే గాల్లో చెమ్మని పీల్చుకుంటుందట. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్చాలి. అది కారు రంగు మీద ఒలికితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. నేను చెంబుతో సిద్ధంగా నిలబడ్డాను.

తర్వాత ఒక పనిముట్టు తీశాడు. చూడటానికి మురుకుల గొట్టం పిడిలా ఉంది. దాని చివర రెండు చిన్న పళ్ళు. పిస్టన్ ముఖం మీద రెండు గాట్లున్నాయి. పళ్ళు ఆ గాట్లలో కూర్చోబెట్టి, ఒకపక్క మెత్తగా నొక్కుతూ, ఒకపక్క తిప్పాలి. ఏ వైపు తిప్పాలన్నది కూడా బండిని బట్టి ఉంటుంది. ఎక్కువ కార్లకి కుడివైపే, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు. కొన్నిటికి మాత్రం ఎడమ చక్రానికొక వైపు, కుడి చక్రానికొక వైపు. తెలుసుకోకుండా చెయ్యి వెయ్యకూడదు.

ఎడమ చక్రం పిస్టన్ బుద్ధిగా వింది. పావు చుట్టు, మరో పావు చుట్టు, మెల్లగా లోపలికి పోయింది. దుమ్ము పోకుండా కప్పే రబ్బరు తొడుగు పిస్టన్తో పాటు మెలిపడకుండా భాయ్ వేలితో సర్దుతూనే ఉన్నాడు.

కుడిది మాత్రం తిరగలేదు.

భాయ్ బలం పెంచలేదు. పనిముట్టు తీసేసి చూపించాడు. రబ్బరు తొడుగు ఒకచోట చినిగి ఉంది. అందులోంచి దుమ్మూ చెమ్మా దూరి పిస్టన్ అంచు చుట్టూ తుప్పు కట్టింది. "లోపలికి పోను అంటాంది కదా, బలవంతం వద్దు. ముందర బయటికి కొంచెం రానిద్దాం" అన్నాడు. లోపలికి పంపాల్సినదాన్ని బయటికి తీయడమేమిటని నాకు వింతగా అనిపించింది. కుర్రాణ్ణి కూర్చోబెట్టి పెడలు ఒక్కసారి మెల్లగా తొక్కించాడు. పిస్టన్ గోరంత బయటికి వచ్చింది. బయటపడ్డ అంచు తుడిచి, బ్రేకు ఆయిలే రెండు చుక్కలు రాశాడు. కుట్టుమిషను నూనె తెచ్చివ్వనా అన్నాను. వద్దన్నాడు. మామూలు నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుందట. మళ్ళీ తిప్పితే అరచుట్టు లోపలికి పోయింది. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. ఇలా గంటన్నర.

ఆ గంటన్నరా మావారు కుర్చీలోంచి కళ్ళు తిప్పలేదు. మధ్యలో ఆయన పెదవులు కదిలాయి. ఏమైనా కావాలేమోనని దగ్గరికి వెళ్ళాను. ఎడమ చేత్తో ముందు తన కుడి చెయ్యి చూపించారు. తర్వాత కారు కుడి చక్రం చూపించారు.

"నాకూ... దానికీ... కుడి పక్కే" అన్నారు.

అని నవ్వారు. పదకొండు నెలల్లో ఆయన వేసిన మొదటి హాస్యం అది. భాయ్ కూడా పని ఆపి నవ్వాడు. "అయితే రెండూ తిరుగుతాయిలే సార్" అన్నాడు. నేను టీ పెట్టే నెపం మీద లోపలికి పోయి కాసేపు వంటింట్లో నిలబడ్డాను.

ఆ రోజు పని పూర్తికాలేదు. కుడి పిస్టన్ని మర మీద తిప్పుకుంటూ పూర్తిగా బయటికి తీసి చూశాడు. తుప్పు అంచు మీదే ఉంది. రబ్బరు రింగు పట్టుకునే చోట పిస్టన్ నున్నగా ఉంది. అక్కడ గుంటలు పడి ఉంటే దాన్ని పారెయ్యాల్సిందే, ఎంత మంచి మెకానిక్కయినా ఏమీ చెయ్యలేడు. మా అదృష్టం బాగుంది. కొత్త రబ్బరు రింగూ, తొడుగూ బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్లో వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు అన్నీ కడిగి, కొత్త రబ్బర్లు వేసి, పిస్టన్ని తిప్పి లోపలికి పంపాడు. ప్యాడు వెనక ఒక చిన్న మొలక ఉంటుంది, అది పిస్టన్ గాటులో కూర్చునేలా సరిచూశాడు. కూర్చోకపోతే ప్యాడు ఒకవైపే అరుగుతుంది. పాత ఆయిలు తీసి కొత్తది పోసి, గొట్టాల్లో గాలి తీశాడు. అంతా కలిపి 6,400 రూపాయలు. కొత్త కాలిపర్లతో పోలిస్తే ఎంత మిగిలిందో లెక్క మీరే కట్టుకోండి.

కుర్రాడు తాళం తీసుకుని కారు నడపబోతే భాయ్ మళ్ళీ ఆపాడు. "టీచరమ్మా, ఇది నువ్వు గుర్తు పెట్టుకోవల్ల" అని నన్నే సీట్లో కూర్చోబెట్టి పెడలు తొక్కమన్నాడు. తొక్కితే నేలకి తగిలేదాకా దిగిపోయింది. నా గుండె కూడా దాంతోపాటే దిగింది. "అంతే ఉంటాది. పిస్టన్ లోపలికి పోయింది కదా, ప్యాడు దాకా అది మళ్ళీ రావల్ల. తొక్కు." ఏడెనిమిదిసార్లు తొక్కాక పెడలు గట్టిపడి కాలికి ఎదురునిలిచింది. బ్రేకు పని చేయించిన కారుని ఇలా తొక్కి చూడకుండా కదిలిస్తే మొదటి మలుపులోనే బ్రేకు ఉండదు. గ్యారేజీ నుంచి కారు ఇంటికి తెచ్చుకునేటప్పుడు మీరు కూడా, గేటు దాటకముందే, ఒకసారి తొక్కి చూసుకోండి. ఎవరేమనుకుంటే ఏం?

కల్యాణదుర్గం రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు మెల్లగా పోయి వచ్చాం. దిగాక, పెనం కాగిందో లేదో చూడటానికి అరచెయ్యి దూరంగా పెడతామే, అలా నాలుగు చక్రాల దగ్గరా పెట్టి చూశాను. వెనకవి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఇప్పటికీ నెలకొకసారి చూస్తాను. ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ తగిలినా, కాలిన వాసన వచ్చినా, కారు ఒకపక్కకి లాగినా, ఉన్నట్టుండి పెట్రోలు ఎక్కువ తాగుతున్నా, ఏదో ఒక చక్రం పట్టు విడవడం లేదని అర్థం.

కొడుకు దగ్గరికో, కూతురి పురిటికో అమెరికా వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వచ్చే వాళ్ళకి ఒక మాట. కారుని చదునైన చోట పెట్టి, గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు దింపి వెళ్ళండి. ఊళ్ళో నమ్మకమైన వాళ్ళుంటే వారానికోసారి కాస్త తిప్పమనండి. కొత్త కార్లలో లాగే హ్యాండ్ బ్రేకు పోయి నొక్కే బొత్తాం వచ్చింది. వాటికి వెనక చక్రం దగ్గర చిన్న మోటారుంటుంది. దాన్ని కంప్యూటరు పెట్టి వెనక్కి పంపాకే పిస్టన్ని ముట్టుకోవాలి. క్లాంపు పట్టుకొచ్చే కుర్రాడు కనిపిస్తే, "నాయనా, ఇది ఒత్తేదా, తిప్పేదా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వాడు మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది.

ఫిజియోథెరపీ అమ్మాయి కూడా భాయ్ చెప్పిన మాటే చెబుతుంది. బిగుసుకున్న భుజాన్ని లాగకూడదట, కొంచెం కొంచెంగా తిప్పాలట. మొదట్లో నేను తొందరకొద్దీ ఇంకాస్త ఎత్తించమని అడిగేదాన్ని. ఇప్పుడు అడగడం లేదు. బొటనవేలుకి బలం రావడానికి ఇంట్లో ఏదైనా నొక్కి వదిలే పని చేయించమంది. బట్టల క్లిప్పులిచ్చాను, ఆయనకి నచ్చలేదు. ఒకరోజు కారులో పక్కసీట్లో కూర్చుని, ఎడమ చేత్తో తన కుడి చెయ్యి తీసి హ్యాండ్ బ్రేకు మీద పెట్టుకున్నారు. నాకు అర్థమైంది.

ఇప్పుడు మా కారులో హ్యాండ్ బ్రేకు లాగేది నేను, వదిలేది ఆయన. నేను కాలితో బ్రేకు తొక్కి పట్టుకుని ఉంటాను. ఆయన ఆ పిడి కాస్త పైకి లాగి, బొటనవేలితో బొత్తాం నొక్కి, మెల్లగా కిందికి దించుతారు. ఒక్కోరోజు మొదటిసారే దిగుతుంది. ఒక్కోరోజు అరనిమిషం పడుతుంది. వీధిలో వెనక నిలబడ్డ ఆటోవాళ్ళు హారన్లు కొడతారు.

కొట్టనీండి.